కన్నీటి గంట కింద పెళ్ళివారు

వానాకాలమంతా తేనెకొండ గుహలో దాక్కున్న కేతకీపురం వాళ్ళు ఆ ఉదయం పెళ్ళివారయ్యారు.

చెమ్మకు నాని చీకిపోయిన బట్టలు పోయి పసుపు అంచుల చీరలు వచ్చాయి. గడ్డాలు మాయమై నున్నని బుగ్గలు బయటపడ్డాయి. మగ్గం నేసే బొప్పన ఎర్ర తలపాగా చుట్టి పెళ్ళికొడుకయ్యాడు. ఎల్లసాని కూతురు లవంగి నుదుట బాసికంతో, బుగ్గన చుక్కతో పల్లకీలో ఒదిగి కూర్చుంది. బొప్పన మేనత్త సూరాంబ ఉన్నపళంగా పెళ్ళికొడుకు తల్లి అయిపోయి, అప్పుడే వియ్యపురాలి ఠీవి చూపించడం మొదలుపెట్టింది. నిజానికి పెళ్ళీ లేదు, ముహూర్తమూ లేదు. పొద్దు వాలేలోగా వీళ్ళంతా శంఖద్వారం దాటి, పడవల వంతెన మీదుగా నది ఆవలి గట్టు చేరాలి. ఆవలి గట్టు హంసవనం రాజ్యం. అక్కడ వజ్రగిరి వాళ్ళ కత్తి చెల్లదు, మంత్రమూ చెల్లదు.

ఈవలి గట్టున చిక్కితే మాత్రం చావుకంటే చెడ్డ గతి. మూడేళ్ళ కిందట వజ్రగిరి రాజు దుర్దముడు కేతకీపురం మీద ఒక్కసారిగా పడి కాల్చేశాడు. అతని వెంట వచ్చిన మాంత్రికుడు ఉగ్రభస్ముడికి కోటలూ కోశాగారాలూ అక్కర్లేదు. అతనికి మనుషులు కావాలి. చిక్కిన ప్రతి కేతకీపురం మనిషి మీదా మంత్రించిన బూడిద చల్లి, రాతిదిమ్మెగా మార్చి, తన బురుజు కట్టుకుంటున్నాడు. ఆ బురుజు ఇప్పటికే మబ్బులను తాకుతోంది. గోడకు చెవి ఆనిస్తే రాళ్ళలోంచి ఊపిరి వినిపిస్తుందని చెప్పుకుంటారు.

ఆ బురుజుకు రాళ్ళు దక్కకుండా చేస్తున్నది ఏ రాకుమారుడో కాదు. గాజులమ్ముకునే మరువక్క.

గాజులమ్మిని ఏ ఇంట్లోనూ ఆపరు. భుజాన రంగురంగుల గాజుల దండలు మోపుగా కట్టిన మలారం వేసుకుని ఆమె వజ్రగిరి సేనానుల భార్యల దగ్గరికి వెళ్ళేది. చేతులు నొక్కి గాజులెక్కిస్తూ, ఏ దారిన కాపలా ఉందో, ఏ దారిన లేదో వాళ్ళ కబుర్లలోంచి ఏరుకునేది. కొందరిని గంగిరెద్దులవాళ్ళుగా, కొందరిని ఉప్పు బండ్లవాళ్ళుగా దాటించింది. ఒకసారి బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టి, ముక్కులోకి దోమ దూరినా తుమ్మకుండా చూసుకుంటూ దాటించింది. దాటించిన ప్రతిసారీ తను వెనక్కి తిరిగి వచ్చింది. ఎంతమందిని దాటించావని అడిగితే ఆమెకు తెలియదు. లెక్కపెట్టుకునే ఓపిక ఏనాడో పోయింది. ఇప్పుడామెకు మిగిలింది మోకాళ్ళ నొప్పి, ఎప్పుడూ తీరని నిద్ర.

ఆ ఉదయం గుహలో చివరిగా మిగిలినది కలువాంబ. కోట ఉత్తర ద్వారాన్ని కాపాడుతూ చనిపోయిన విలుకాడి భార్య. పాతికేళ్ళు నిండని పిల్ల. మరువక్క ఆకుపచ్చ గాజులు పట్టుకుని ఆమె ఎదుట కూర్చుంది.

"నాకొద్దక్కా," అంది కలువాంబ చేతులు కొంగు కింద దాచుకుంటూ.

"పెళ్ళివారిలో బోసి చేతుల మనిషి కనబడితే వజ్రగిరి వాళ్ళు అపశకునమని అందరినీ వెనక్కి తిప్పేస్తారమ్మా. వాళ్ళ బుద్ధి అంతే."

"నీ చేతులు బోసిగానే ఉన్నాయిగా?"

"నేను పెళ్ళివారి మనిషిని కాదు, సరుకు మోసుకొచ్చేదాన్ని. మోసేవాళ్ళ చేతులెవరు చూస్తారే?" మరువక్క ఆ పిల్ల చెయ్యి మెల్లగా కొంగు కిందినుంచి లాక్కుంది. "ఇవి నీ మొగుడి కోసం వేసుకునేవి కాదు. వేషానికి వేసుకునేవి. ఆవలి గట్టున తీసి నదిలో పారేద్దువుగాని."

కలువాంబ ఏడుస్తూనే తొడిగించుకుంది. ఆ ఏడుపు చూసి మరువక్కకు గుబులు పట్టుకుంది. ఏడ్చేవాళ్ళతో శంఖద్వారం దాటడం కుదిరే పని కాదు.

శంఖద్వారపు కమాను మీద ఉగ్రభస్ముడు ఒక గంట వేలాడదీశాడు. కేతకీపురం ఇళ్ళలోని బిందెలూ చెంబులూ దీపపు సెమ్మెలూ దోచుకొచ్చి, కరిగించి పోతపోసిన గంట. దానికి తాడు లేదు, దాన్ని కొట్టేవాడు లేడు. కేతకీపురం కోసం మనసులో దుఃఖం పెట్టుకున్న మనిషి కమాను కిందికి వస్తే అదే మోగుతుంది. జనం దాన్ని కన్నీటి గంట అన్నారు. బురుజును నిలబెట్టిన మంత్రమూ ఆ గంటలోనే ఉందని చెప్పుకున్నారు. మరువక్క దాని కింద ఎన్నిసార్లు నడిచినా అది మోగలేదు. తనలో ఏడుపు ఇంకిపోయిందని ఆమె అనుకుంది. అది మంచిదో చెడ్డదో ఆలోచించలేదు. పనికి అడ్డం రాకపోతే చాలు.

"గంట కింద నవ్వుతూ నడుస్తాంలే," అంది ఎల్లసాని.

"తెచ్చిపెట్టుకున్న నవ్వు కింద ఏడుపు అలాగే ఉంటుంది. అది మొహం చూడదు, మనసు చూస్తుంది. ఆ సంగతి నాకొదిలెయ్యండి. ముందు నడవండి."

డోలు మోగింది. పెళ్ళివారు కొండ దిగారు.

మధ్యాహ్నపు ఎండ తంగేడుపూల మీద నిప్పులా కాస్తోంది. దారికిరువైపులా రెల్లు తెల్లగా ఊగుతోంది. దూరాన శంఖవాహిని నది వెండి జరీ పరిచినట్టు మెరుస్తోంది. అంత అందమైన దారిలో ఒక్క పిట్ట కూయడం లేదని మరువక్క గమనించేసరికి ఆలస్యమైంది. వెనకనుంచి గుర్రాల డెక్కలు, వాటికి ముందుగా నేల మీద పారుకుంటూ వచ్చే నల్లటి మరకలు!

"నీడకుక్కలు!" అని అరిచాడు బొప్పన.

వాటికి ఒళ్ళు లేదు. ఎముకల్లేవు. నేల మీద పరుగెత్తే నీడలు మాత్రమే. మనిషి నీడను కరిచి పట్టుకుంటే మనిషి కట్టె బిగిసినట్టు నిలబడిపోతాడు. వెనకొచ్చే రౌతు తీరిగ్గా వచ్చి కట్టి తీసుకుపోతాడు.

"చాందినీ విప్పండి! అందరూ కిందికి రండి!" అంది మరువక్క.

పెళ్ళి చాందినీ బుస్సున విచ్చుకుంది. నాలుగు గుంజలు నలుగురు పట్టుకున్నారు. పల్లకీ, పెళ్ళికొడుకు, వియ్యపురాళ్ళు, డోలువాడు అందరూ దాని కింద ఇరుక్కున్నారు. నేల మీద ఇప్పుడొక్కటే నలుచదరపు నీడ. ఎవరి నీడ ఎవరిదో విడిగా తెలియదు. కుక్కలు దాని చుట్టూ తిరిగాయి, వాసన చూశాయి, కరవడానికి అంచు దొరక్క గుర్రుమన్నాయి. రౌతులు దగ్గరికి వచ్చి, పెళ్ళి చూసి, కత్తులు దించారు.

చాందినీ కింద చోటు లేక మరువక్క బయటే ఉండిపోయింది. ఒక కుక్క ఆమె నీడ మడమ పట్టుకుంది. ఎడమ కాలు మోకాలి దాకా మంచులో దిగినట్టయింది. రౌతులు తిరిగి చూస్తే అయిపోయినట్టే. ఆమె మలారంలోంచి ఒక ఎర్ర గాజుల దండ తెంపి, బేరానికి చూపించే దానిలా ఎండకు ఎత్తి పట్టింది. గాజుల్లోంచి ఎర్రని వెలుగు జారి నేల మీద పడింది. రంగు పడ్డ చోట నీడకు పట్టు ఉండదు. కుక్క చెదిరి పొగలా పోయింది.

"గాజులు కావాలా దొరలూ? ఇంట్లో అమ్మగార్లకు?" అంది దండ ఆడిస్తూ.

"పోవే ముసలిదానా!" అంటూ రౌతులు ముందుకు దౌడు తీశారు.

"దెబ్బ తగిలిందా అక్కా?" అంది సూరాంబ చాందినీలోంచి తల బయటపెట్టి.

"కాలు మొద్దుబారింది, అంతే. కాస్సేపు నొప్పి తెలీకుండా నడుస్తాను. ఒక రకంగా హాయే."

ఎల్లసాని ఆమె చంక కింద చెయ్యి వేసి నడిపించింది. "ఈసారి నువ్వూ మాతో వచ్చెయ్యకూడదూ? ఎన్నాళ్ళిలా?"

"కొండకు అవతల వైపు గుహలో ఇంకా జనం ఉన్నారు."

"వాళ్ళకి ఇంకెవరైనా..."

"ఎవరే?" అంది మరువక్క. ఆమెకు కోపం లేదు. కూర్చోవాలని ఉంది, అంతే.

శంఖద్వారం కనబడగానే ఆమె తన పని మొదలుపెట్టింది. నడక తగ్గించి ఎల్లసాని చెవి దగ్గరికి వంగింది. "నిన్న సూరాంబ ఏమందో విన్నావా? నీ పులుసు అంట్ల నీళ్ళలా ఉంటుందట. గతిలేక తాగిందట."

ఎల్లసాని మెడ నిటారుగా లేచింది. "అదందా?"

"నేనన్నానని అనకు." మరువక్క కుంటుకుంటూ ముందుకు పోయి సూరాంబ పక్కన చేరింది. "ఎల్లసాని ఏమంటోందో తెలుసా? వానాకాలమంతా తనకు నిద్ర లేనిది నీడకుక్కల భయంతో కాదట, నీ గురకతోనట. గబ్బిలాలు కూడా గుహ వదిలి పోయాయట."

"అమ్మ నా ఎల్లీ!" అంది సూరాంబ.

ఆ రెండు మాటలూ అబద్ధం కాదు. గుహలో ఇరుక్కుని బతికినన్నాళ్ళూ ఇద్దరూ విడివిడిగా మరువక్క దగ్గర చెప్పుకున్నవే. వేషపు తగువుకు గంట మోసపోదని ఆమెకు తెలుసు. నిజమైన తగువు కావాలి. ఒకరి మీద ఒకరికి ఒళ్ళు మండుతున్నప్పుడు ఊరు కూడా గుర్తుకు రాదు.

శంఖద్వారం రెండు నల్లరాతి ఏనుగుల మీద నిలబడి ఉంది. కమాను నిండా శంఖాలు చెక్కారు. గాలి వీస్తే ఆ రాతి శంఖాలు సన్నగా ఊదుతాయి. వాటి నడుమ, బండి చక్రమంత మూతితో, పాత ఇళ్ళ ఇత్తడి రంగులో గంట వేలాడుతోంది. కింద పీట మీద ద్వారపు నాయకుడు తొండమల్లు కూర్చుని తమలపాకులకు సున్నం రాసుకుంటున్నాడు. భారీ మనిషి. ఆ గంటంటే శత్రువులకంటే అతనికే ఎక్కువ భయం. అది మోగితే భటులంతా కింద ఉన్న మనిషి చుట్టూ ఈటెలు పట్టి నిలబడాలి. మోగుతున్నంతసేపూ ఒక్కడు కాలు కదిపినా ఉగ్రభస్ముడు వచ్చి నాయకుడినే రాయి చేస్తాడు. పాత నాయకుడు ఇప్పుడు బురుజుకు మొదటి మెట్టు.

"ఎవరి పెళ్ళి?" అన్నాడు తొండమల్లు.

జవాబు చెప్పాల్సింది సూరాంబ. కానీ ఎల్లసాని ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏం వదినా, నా పులుసు అంట్ల నీళ్ళా?"

"అంట్ల నీళ్ళలో కాస్త ఉప్పయినా ఉంటుంది వదినా! నా గురకకు గబ్బిలాలు లేచిపోయాయా?"

"లేచిపోవూ? కొండే కదిలింది! నా పిల్ల రేయంతా చెవుల్లో దూది కుక్కుకుని..."

"నీ పిల్ల సంగతి చెప్పకు! నా దుప్పటి సగం లాక్కున్నదెవరు? గుహలో..."

"విడిదింట్లో!" అని మరువక్క గట్టిగా అరిచింది. "విడిదింట్లో దుప్పట్లు చాలలేదు దొరా. మగపెళ్ళివారు అలిగారు."

తొండమల్లు మొహం విప్పారింది. "ఉండండుండండి. ముందు పులుసు సంగతి తేలనివ్వండి. మా పెళ్ళిలో అప్పడాల దగ్గర మొదలైంది. ఇప్పటికీ మా అత్త నాతో మాట్లాడదు." భటులు కూడా చుట్టూ చేరి నవ్వుతున్నారు.

"మాకేం తక్కువని మీ పిల్లను చేసుకుంటున్నాం? నా మేనల్లుడు బంగారం!" అంది సూరాంబ కమాను కిందికి నడుస్తూ.

"కొడుకు!" అంది మరువక్క.

"కొడుకైతేనేం, మేనల్లుడైతేనేం, బంగారమే!"

"బంగారానికి స్నానం చెయ్యడం కూడా నేర్పాల్సింది," అంది పల్లకీలోంచి లవంగి. ఆ పిల్ల కూడా వానాకాలమంతా దిగమింగుకున్నదే. బొప్పన మొహం తలపాగా రంగుకు తిరిగింది. "నీ పాట కంటే నా వాసనే నయం," అన్నాడు.

తిట్టుకుంటూనే గంట కిందినుంచి నడిచారు. సూరాంబ దాటింది, ఎల్లసాని దాటింది, పల్లకీ దాటింది, డోలు దాటింది. గంట మూగగా వేలాడుతూనే ఉంది. మరువక్క ఒక్కొక్కరినీ కళ్ళతో సాగనంపింది.

చివర తాంబూలపు పళ్ళెంతో కలువాంబ వస్తోంది.

ఆమె ఎవరితోనూ తగువాడటం లేదు. కళ్ళు నేల మీద ఉన్నాయి. కమాను కిందికి ఒక అడుగు వేసింది. గంట లోపల ఎక్కడో తుమ్మెద తిరిగినట్టు సన్నగా జుమ్మంది. తొండమల్లు తమలపాకు నోటి దగ్గరే ఆగిపోయింది. అతను తల ఎత్తాడు.

మరువక్క ఒక్క ఉదుటున ఆ పిల్ల పక్కకు వచ్చింది. ఎవరికీ వినపడకుండా, పళ్ళ మధ్యనుంచి అంది. "కొత్త గాజులు చూసుకుని మురిసిపోతున్నావుటే? మొగుడు పోయి మూడేళ్ళేగా అయింది. చెయ్యి చాపమనగానే చాపేశావు."

కలువాంబ తల పైకెత్తింది. ఆ కళ్ళలో నీళ్ళు ఆవిరైపోయాయి. "ఏమన్నావు?" అంటూ చెయ్యెత్తి మరువక్కను కొట్టబోయింది. మరువక్క పక్కకు తప్పుకుంది. చెయ్యి వెళ్ళి రాతి ఏనుగు తొండానికి తగిలింది. ఆకుపచ్చ గాజులన్నీ ఫట్ ఫట్‌మని పగిలి నేల రాలాయి.

గంటలో జుమ్మనడం ఆగిపోయింది.

మరువక్క మనసు ఒక్కసారిగా బరువెక్కింది. ఇలాంటి మాటలనడం కూడా తన పనిలో భాగమైపోయింది. ఎంతమంది తనను తిట్టుకుంటూ ఆవలి గట్టు చేరారో! తిట్టుకున్నా చేరారు.

"ఆగు!" అన్నాడు తొండమల్లు.

ఇద్దరూ ఆగారు.

"పెళ్ళివారి ఆడది పగిలిన గాజులతో నది దాటుతుందా? నది శపిస్తే నా ద్వారానికి దోషం. ఏయ్ గాజులదానా, చూస్తూ నిలబడ్డావేం? ఇక్కడే తొడుగు. తొడిగాకే పంపిస్తాను."

సరిగ్గా గంట కింద. పైన బండి చక్రమంత ఇత్తడి నోరు తెరుచుకుని ఉంది. మరువక్క మలారం దించి నేల మీద చతికిలబడింది. కలువాంబ ఎదుట కూర్చుని, మొహం తిప్పుకుని, చెయ్యి ఈటెలా చాపింది. కోపం ఇంకా ఉంది. మంచిదే. వేలి కణుపులకు తగిలిన గీతల్లోంచి రక్తం ఊరుతోంది. మరువక్క తన కొంగుతో తుడిచింది. బొటనవేలు లోపలికి మడిచి, అరచెయ్యి నొక్కి, ఒక్కొక్క గాజూ ఎక్కించింది. గాజు అంచు గీతలకు తగలకుండా ఆమె తన వేలు అడ్డం పెట్టడం కలువాంబ చూసింది. తలెత్తి మొహం చూసింది. తనను ఆ మాట ఎందుకందో అప్పుడు అర్థమైంది.

ఆ పిల్లకు కోపం దిగిపోయింది. దుఃఖమూ రాలేదు. తేలిక పడ్డ మనసుతో, ఏమీ ఆలోచించకుండా, చిన్నప్పటినుంచీ చేసిన పనే చేసింది.

కేతకీపురంలో గాజులు తొడిగించుకున్న ఆడది ఊరికే లేచిపోదు. గాజుల చేతులు రెండూ మలారానికి తాకించి కళ్ళకద్దుకుంటుంది. గాజులమ్మిని దీవిస్తుంది. చిన్నపిల్లయినా సరే, దీవించి తీరాలి. వజ్రగిరిలో ఆ ఆచారం లేదు. అందుకే దాటబోయే ప్రతి ఆడదానికీ మరువక్క ముందే చెప్పేది, ఆ పని మరిచిపోండి, చేశారో దొరికిపోతారు అని. మూడేళ్ళుగా ఎవరూ చెయ్యలేదు.

కలువాంబ మలారాన్ని కళ్ళకద్దుకుంది. "నీ ఇంటి కొలిమి ఆరకూడదక్కా," అంది మెల్లగా.

మరువక్క ఇంటి కొలిమి. దాని ముందు కూర్చుని కరిగిన గాజుతో మాట్లాడే ఆమె మొగుడు పోలయ్య. మంటకు కాలిపోయి మళ్ళీ మొలవని అతని కనుబొమలు.

గంట మోగింది.

మొదటి దెబ్బకు రాతి శంఖాలలోని పావురాలన్నీ లేచిపోయాయి. రెండో దెబ్బకు తొండమల్లు పీట మీదనుంచి పడ్డాడు. మరువక్క చప్పున కలువాంబను భుజాలు పట్టి లేపి, కమాను అవతలికి తోసింది. "వెళ్ళవమ్మా! ముహూర్తం దాటిపోతుంది!"

కలువాంబ కమాను బయటపడింది. గంట ఆగలేదు. ఎవరి కోసం మోగుతోందో ఇక అనుమానం లేదు.

ఈటెలు నలువైపులా వంగి మరువక్క చుట్టూ కంచె కట్టాయి. తొండమల్లు పాకుతూ లేచి తన చోట బిగుసుకు నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. "గాజులదానివి... నువ్వా? మూడేళ్ళుగా నా ఎదుటే తిరిగావుగదే!"

అతని చూపు ఆమెను దాటి వంతెన మీదికి పోయింది. పడవల వంతెన మీద పెళ్ళివారు సగం కూడా దాటలేదు. పల్లకీ బరువుకు పడవలు ఊగుతున్నాయి. అతనికి లెక్క తెలిసిపోయింది.

"ఒరే, కదలకండి. ఇది ఆగగానే చక్రం తిప్పి వంతెన మోకులు లాగండి. అది వాళ్ళతో వచ్చింది. వాళ్ళూ అదే ఊరివాళ్ళు! ఆగనివ్వండి, ఒక్కడు మిగలడు."

గంట ఆగితే వాళ్ళందరూ రాళ్ళే. గంట మోగుతున్నంతసేపూ ఈ భటుల్లో ఒక్కడు కదలలేడు. ఆ సంగతి మరువక్కకు అర్థమైంది. మూడేళ్ళుగా ఏడవకుండా నడవడం నేర్చుకున్న మనిషి ఇప్పుడు ఏడుపు ఆపకుండా చూసుకోవాలి.

ఆమె మలారం ఒళ్ళోకి లాక్కుని ఏడవడం మొదలుపెట్టింది.

ముందు పోలయ్య కోసం ఏడ్చింది. ఊరు తగలబడ్డ రోజు తను మలారం మోసుకుని పల్లెలకు పోయింది. తిరిగొచ్చేసరికి కొలిమి చల్లారింది, అతను లేడు. గంట ఘోషించింది. తర్వాత పక్కింటి చెవిటి అవ్వ కోసం ఏడ్చింది. చేతికి పట్టని చిన్న గాజులే కావాలని ప్రతిసారీ పేచీ పెట్టేది ఆ అవ్వ. కల్లాపి వాసన కోసం ఏడ్చింది. తను గుహకు చేరేలోపే పట్టుబడి, ఇప్పుడు ఏ అంతస్తులోనో రాయై ఉన్నవాళ్ళ కోసం ఏడ్చింది. వాళ్ళ మొహాలు ఇన్నాళ్ళూ గుర్తుచేసుకోలేదు, గుర్తుచేసుకుంటే మళ్ళీ కొండెక్కలేనని.

వంతెన మీద సూరాంబ కాలు జారింది. ఎల్లసాని ఆమె జుట్టు పట్టి పైకి లాగింది. ఏదో తిట్టుకున్నారు, చేతులు పట్టుకుని పరుగెత్తారు. కలువాంబ నడి వంతెన మీద నిలబడి వెనక్కి చూస్తోంది.

"పో!" అని అరిచింది మరువక్క. గొంతు గంటలో కలిసిపోయింది. కలువాంబకు వినబడలేదుగానీ చెయ్యి విసరడం కనబడింది. తిరిగి పరుగెత్తింది.

గంట సన్నగిల్లింది.

మరువక్కకు అలసట ముంచుకొస్తోంది. ఏడవడానికి కూడా బలం కావాలి. కళ్ళు పొడిబారాయి. పోలయ్య మొహం తలచుకుంది, అది బొమ్మలా కనబడిందేగానీ లోపల ఏదీ కదలలేదు. ఊరి పేరు పైకే అనుకుంది. గంట ఒకసారి కొట్టుకుని, ఊగి, ఊరుకుంది. తొండమల్లు కాలి బొటనవేలు చెప్పులో కదిలింది. చక్రం వైపు నిలబడ్డ భటుడు చేతులు చాపాడు. పల్లకీ ఇంకా నీళ్ళ మీదే ఉంది.

అప్పుడామెకు తను పల్లెలకు బయల్దేరిన ఆ పొద్దు గుర్తొచ్చింది. ఎర్రా కాదు, పసుపూ కాదు, మరిగిన తేనె లాంటి రంగు ఒకటి కుదిరిందని పోలయ్య చెప్పాడు. చూపించమంటే నవ్వాడు. "వేడి మీద చూస్తే రంగు తెలియదే. సాయంత్రం చల్లారాక చూద్దువుగాని," అన్నాడు.

ఆ రంగు ఆమె చూడలేదు.

గంట ఈసారి మోగిన మోతకు నదిలో పడవలు ఎగిరిపడ్డాయి. భటులు ఈటెలు వదలకుండానే కళ్ళు మూసుకున్నారు. ఆ మోతలో బిందెలు కడిగిన చప్పుళ్ళు, చెంబులు పెట్టిన చప్పుళ్ళు, తెల్లవారుజామున ఊరంతా లేచే చప్పుడు వినబడ్డాయి మరువక్కకు. మలారం మీద మొహం ఆనించి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆవలి గట్టున డోలు మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. హంసవనం గట్టు మీద ఎర్ర తలపాగా ఎగురుతోంది. అందరూ దాటారు.

ఇక చాలు అనుకుంది మరువక్క. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నిండాయి. పెదవి కొరుక్కుంది. ఆగలేదు. మూడేళ్ళ ఏడుపుకు ఇప్పుడు ఆమె మాట పట్టదు. పైన గంట అంచున వెంట్రుకంత చీలిక కనబడింది. మరో దెబ్బకు అది చిటికెన వేలంత పొడుగు సాగింది. దూరాన, మబ్బుల్లోని బురుజు దగ్గరినుంచి, ఒళ్ళు విరుచుకునే మనిషి మూలుగులాంటిది గాలిలో తేలి వచ్చింది.

తొండమల్లు ఆకాశం వంక చూశాడు. ద్వారం ముందు ఎండ మాయమైంది. రెండు తాటిచెట్లంత రెక్కల రాబందు కిందికి దిగుతోంది. దాని మెడ మీద బూడిద పూసుకున్న మనిషి, చేతిలో బూడిద సంచి. ఉగ్రభస్ముడు నేల మీద కాలు పెట్టాడు. అతని చూపు మరువక్క మీద ఆగలేదు. గంట మీది చీలిక దగ్గర ఆగింది. మొహం పాలిపోయింది. గంట మోగుతున్నంతసేపూ అతని బూడిదకు బలం లేదు.

"ఆపు!" అన్నాడు. "ఆపు ఏడుపు! ఏం కావాలి నీకు?"

మరువక్క తల ఎత్తింది. కాలు తిమ్మిరెక్కింది, నడుం పీకుతోంది. ఈ మనిషితో మాట్లాడే ఓపిక ఆమెకు లేదు.

"కాస్త ఆగవయ్యా," అంది ముక్కు చీది. "మా వీధిలో ఎడమ పక్క ఇళ్ళ ఏడుపు ఇంకా మిగిలే ఉంది."